నేను పొద్దుటి మలుపునే వేశాను

ఒక రోడ్డు మలుపును నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మలుపును మోయడమేమిటి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. బరువంటే నిండు బిందె, బియ్యం బస్తా, జబ్బుపడ్డ మనిషి. మలుపుకు బరువేముంటుంది? అయినా పొద్దున్నే దీపం పెట్టి కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తుంది. నల్లటి తారు, పక్కన ఎర్రమట్టి, రెండూ కలిసే చోట ఒకదానిమీద ఒకటి పేర్చిన పాత టైర్లు. అప్పన్నస్వామికి నేను ప్రతిదానికీ దండం పెట్టుకునే మనిషిని. ఊపిరి సాఫీగా ఆడినందుకు, కుళాయి వేళకి వచ్చినందుకు, అమ్మ దగ్గకుండా పడుకున్నందుకు. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట దాటేస్తాను. దేవుడి దగ్గర కూడా మాట దాటేయవచ్చని నాకెవరు నేర్పారు?

నా పేరు చెప్పను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. జరిగినదాన్ని మాత్రం మార్చలేదు. దాన్ని ఒకసారి మార్చాను, అది చాలు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. నాలుగు రోజులు బాగుంటే పది రోజులు మంచంమీద ఉండేదాన్ని. నాన్న గోదావరి వైపు మనిషి, స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరారు. మద్దిలపాలెంలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్లం. పొద్దుటి షిఫ్టు అయితే సాయంత్రం లెక్కలు చెప్పేవారు, మధ్యాహ్నం షిఫ్టు అయితే పొద్దున్నే ఇంగ్లీషు. ఇంగ్లీషుకు పాఠ్యపుస్తకం లేదు. పాత పుస్తకాల కొట్టులో ఆయన ఏరుకొచ్చిన కార్ల రేసు పత్రికలే మాకు పాఠం. ఏ దేశం ఎక్కడుందో నాకు రేసు ట్రాకుల వల్లే తెలిసింది. ప్రతి ట్రాకుకూ ఒక పటం ఉండేది. నేను దానిమీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని, చుట్టూ తిరిగొచ్చేదాన్ని. ఇంట్లోంచి కదలని పిల్లకు అంతకన్నా పెద్ద ప్రయాణం ఏముంటుంది? అందుకు నాన్నకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నాన్నకు గెలిచినవాడి ఫోటోమీద పెద్ద ఆసక్తి ఉండేది కాదు. పత్రిక చివర్లో తీర్పులు ఉండేవి. రేసులో రెండు కార్లు తగిలితే తప్పెవరిదో తేల్చడానికి కొందరు పెద్దమనుషులు కూర్చుంటారు, వాళ్లని స్టీవార్డులంటారు. ఆ తీర్పులు నాకు గట్టిగా చదివి వినిపించి, "నువ్వయితే ఏం చెప్పేదానివి?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఎందుకో చెప్పమనేవారు. ఆ 'ఎందుకు' దగ్గరే నా చదువంతా సాగింది.

నాన్న పోయాక ఆ అలవాటు మా మేడమీదికి ఎక్కింది.

కింది వాటాలో సత్తిబాబు అన్నయ్య ఉంటాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. ఆదివారం రేసు ఆయన టీవీలో అందరూ కలిసి చూసేవారు. మర్నాడు సాయంత్రం మేడమీద పంచాయితీ. రేసులో ఎవరు ఎవరిని తోశారు, స్టీవార్డులు ఇచ్చిన శిక్ష సరైనదేనా, ఫలానావాడు ఆ జట్టు వదిలి ఈ జట్టుకెందుకు పోతున్నాడు. ఇవే వ్యాజ్యాలు. డ్రైవర్లకు వీళ్లు పెట్టిన పేర్లు తప్ప అసలు పేర్లు వినిపించేవి కావు. కారులోంచి జట్టుతో మాట్లాడే రేడియోలో ఒక్క ముక్కా మాట్లాడనివాడు మౌనిబాబా. ప్రతి మలుపుకీ ఫిర్యాదు చేసేవాడు ఏడుపుగొట్టు.

"మౌనిబాబా ఆ జట్టుకెల్తాడేటి? నాను సచ్చినా నమ్మను," అనేవాడు సత్తిబాబు అన్నయ్య.

"ఎల్లిపోనాడు బావా. సంతకం కూడా అయిపోనాది. నువ్వు నమ్మకపోతే ఆగుతాడేటి?" అనేవాడు నూకరాజు.

"ఇక్కడ ఆడికేటి తక్కువైంది? కారు గోడకి కొట్టీసినా ఎవులూ ఏటీ అనలేదు కదా."

"వదిన పుట్టింటికెల్తే కూడా ఇంత ఏడవలేదు బావా నువ్వు."

మేడంతా నవ్వులు. నేను పిట్టగోడ దగ్గర కూర్చుని వినేదాన్ని.

ఆ పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. గొడవ జరిగిన మలుపును ముందు ముగ్గుతో నేలమీద వేయాలి. కార్లకు బదులు రంగు కాగితం అంటించిన అగ్గిపెట్టెలు. ఎవరి వాదన వాళ్లు అగ్గిపెట్టెలు జరుపుతూ చెప్పాలి. మొదట్లో సత్తిబాబు అన్నయ్యే సుద్దముక్కతో గీసేవాడు. తనకు నచ్చిన డ్రైవరు తప్పు చేస్తే ఆయన గీసే రోడ్డు వెడల్పయిపోయేది. అది పట్టుకుని నూకరాజు ఒకసారి పెద్ద యాగీ చేశాడు. అప్పటినుంచి ముగ్గు నాకు అప్పగించారు. పటాలన్నీ నాకు కంఠతా కదా. దాంతోపాటు ఒక నియమం కూడా పెట్టారు, ముగ్గు వేసేవాళ్లు వాదనలో నోరెత్తకూడదు. ఎటువైపూ మాట్లాడని మనిషి వేస్తేనే మలుపు ఉన్నది ఉన్నట్టు ఉంటుందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం నాకు ఎంత ఆనందమిచ్చేదో చెప్పలేను. బడి గుమ్మం ఎక్కని దాన్ని. అంతమంది మగవాళ్లు అరుచుకుంటూ వచ్చి, నేను వేసిన గీత దగ్గర ఆగేవారు. "ముగ్గులో అలగుంటే అలగే" అని తలవంచేవారు. అప్పుడు కలిగిన గర్వం కూడా ఇప్పుడు చెప్పబోయేదానిలో ఒక పాలు తీసుకుందేమో. చూడాలి.

నూకరాజు జాలారిపేట కుర్రాడు. వాళ్లింట్లో అందరూ సముద్రంమీద చేపల వేటకు వెళ్లేవాళ్లే. మా తమ్ముడూ అతనూ ఒకే ఈడు. ఇద్దరికీ గో-కార్టుల పిచ్చి. నేలకు జానెడెత్తులో పరుగెత్తే చిన్న బండ్లవి. సబ్బవరం దగ్గర ఒక లేఅవుట్ ఉండేది. ప్లాట్లకు రాళ్లు పాతారు, తారురోడ్లు వేశారు, పెద్ద నీళ్ల ట్యాంకు కూడా కట్టారు, ఇళ్లు మాత్రం ఒక్కటీ లేచిరాలేదు. ఆ లేఅవుట్ ఆయనను బతిమాలి, మా మేడమీది బృందం ఏడాదికోసారి అక్కడ రేసు పెట్టేది. మలుపు లోపలి అంచున టైర్లు పేర్చేవారు, బయటి అంచున ఇసుక బస్తాలు.

ఈ సంగతి జరిగిన ఏడు కోయంబత్తూరు నుంచి ఒక జట్టు మనిషి చూడటానికి వచ్చాడు. ఒకప్పుడు ఆయనా డ్రైవరే. ఒక కుర్రాణ్ణి తీసుకెళ్లి, తర్ఫీదిచ్చి, తన జట్టులో నడిపిస్తానన్నాడు. ఒక్కణ్ణే. ఆ ఒక్కడు మా తమ్ముడో నూకరాజో అయి ఉండాలని అక్కడున్న అందరికీ తెలుసు. మిగతావాళ్లు సరదాకి నడిపేవాళ్లు.

నాకు ట్యాంకు మలుపు అప్పగించారు. అక్కడ ట్యాంకు నీడ ఉంటుంది, ఎండకు నాకు ఆయాసం రాదని. ముక్కుకు చున్నీ కట్టుకుని, పసుపు జెండా పట్టుకుని నిలబడ్డాను. పని చిన్నదే. ఆ మలుపులో ఏది అడ్డం పడ్డా, ఏది ఉన్నచోటినుంచి కదిలినా జెండా ఊపాలి. అప్పుడు అందరూ నెమ్మదిస్తారు, ఎవరో ఒకరు వచ్చి సరిచేస్తారు.

రేసు సగంలో ఒక బండి వెనక చక్రం ఆ టైర్లను ఒరుసుకుంటూ పోయింది. టైర్ల దొంతర పడిపోలేదు. అలాగే నిలువుగా జరిగి, తారుమీదనుంచి వెనక్కి, మట్టిలోకి వెళ్లింది. మలుపు వెడల్పయింది. అంతకుముందు ఒక్క బండికే సరిపోయే చోట ఇప్పుడు రెండు పడతాయి.

నేను చూశాను. జెండా ఎత్తాను కూడా. మళ్లీ దించేశాను. టైర్లు జరిగాయి గానీ దారికి అడ్డం పడలేదు కదా అనుకున్నాను. నా జెండా వల్ల రేసు పాడవడం దేనికి అనుకున్నాను. పైగా అప్పుడు తమ్ముడు ముందున్నాడు.

ఇదిగో, ఈ ఆఖరి వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు రాశాక కూడా అనుమానమే. ఆ క్షణంలో నిజంగా అనుకున్నానా, తర్వాత చేర్చుకున్నానా? మనసులో ఏది ముందు వచ్చిందో చెప్పడానికి అక్కడ ఏ కెమెరా లేదు.

తర్వాతి చుట్లలో ఎవరూ ఆ చోటును గమనించలేదు. అలవాటైన దారినే తిప్పుకుంటూ పోయారు. ఆఖరి చుట్టులో నూకరాజు గమనించాడు. తమ్ముడి వెనకే వస్తూ, మలుపుకు ముందే లోపలివైపు దూరాడు. వేగంగా వచ్చాడు, కానీ అడ్డదిడ్డంగా రాలేదు. బ్రేకు వేశాడు. చక్రాలు చక్రాలకు సమంగా వచ్చాయి. టైర్లను ఆనుకుని, తమ్ముడికి కావలసినంత దారి వదిలి తిరుగుతున్నాడు. పెద్ద రేసుల్లో నియమం కూడా అదే. పక్కకు వచ్చేసిన బండికి ఒక బండి వెడల్పు వదలాలి. నూకరాజు వదిలాడు. మా తమ్ముడు ఎప్పటిలాగే లోపలికి తిప్పేశాడు. అక్కడ ఇంకొకరికి చోటుండదని వాడి లెక్క. పొద్దున్న ఆ లెక్క నిజమే.

చక్రాలు తగిలాయి. తమ్ముడి బండి ఎగిరి ఇసుక బస్తాలమీద పడింది. వాడి మణికట్టు విరిగింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. బండిని లాగుతూ, వాణ్ణి ఎత్తుతూ, అడ్డొచ్చిన టైర్లను కాళ్లతో తన్నేశారు. నూకరాజు ముగింపు గీత దాటి, గెలిచి, బండి వదిలేసి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి టైర్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. అవి జరిగిన సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు.

జట్టు మనిషి తన మాట తను చెప్పేశాడు. వేగం ఇద్దరికీ ఉంది, పక్కవాణ్ణి తోసేసేవాణ్ణి మాత్రం తీసుకోను, మీ పిల్లల నడవడి మీకే తెలుసు, మీరే తేల్చి చెప్పండి అన్నాడు. అలా ఆ వ్యాజ్యం మా మేడమీదికి వచ్చింది. ఎక్కడో దూరదేశపు డ్రైవర్లమీద తీర్పులిచ్చుకునే సరదా పంచాయితీ, మొదటిసారి మా ఇద్దరు కుర్రాళ్లమీద కూర్చుంది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం. తమ్ముడు కట్టుతో పిట్టగోడమీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. అమ్మ మెట్లమీద నిలబడి చూస్తోంది. నూకరాజు నాకెదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సెల్లెమ్మా, మలుపు నువ్వెయ్యి. ఆ పొద్దు అక్కడున్నది నువ్వే," అన్నాడు సత్తిబాబు అన్నయ్య.

నేను ట్యాంకునుంచి మొదలుపెట్టాను. బయటి అంచు వేశాను. ఇసుక బస్తాలకు చుక్కలు పెట్టాను. లోపలి అంచు వేశాను. ఇక టైర్లు. వేళ్లమధ్య ముగ్గు ఉంది. చెయ్యి గాలిలో ఆగింది. ఎంతసేపు ఆగింది? నాకు చాలాసేపు అనిపించింది, ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి రెప్పపాటే అయి ఉంటుంది. ఆ రెప్పపాటులోకి నేను ఎన్నిసార్లు తిరిగి వెళ్లానో. ఒక వింత గదిలోకి వెళ్లినట్టు వెళ్తాను. ఇక్కడ ఎవరున్నారు? ఎవరు నా చెయ్యి పట్టుకున్నారు?

చేతిని రోడ్డు అంచుకు తెచ్చి అక్కడ సున్నా చుట్టాను. పొద్దున్న టైర్లు పేర్చిన చోటే. అందరూ కలిసి పేర్చిన చోటే. అబద్ధం ఎక్కడుంది? రేసు మొదలైనప్పుడు అవి అక్కడే ఉన్నాయి. నేను పొద్దుటి మలుపునే వేశాను. ఆఖరి చుట్టు మలుపును వేయలేదు.

నూకరాజు తన అగ్గిపెట్టె తీసుకుని తమ్ముడి అగ్గిపెట్టె పక్కన పెట్టి తిప్పాడు. అది టైర్ల సున్నామీదికి ఎక్కింది. మళ్లీ వెనక్కి తీసి, ఇంకా నెమ్మదిగా తిప్పాడు. మళ్లీ ఎక్కింది. మూడోసారి అగ్గిపెట్టెను చేత్తోనే పట్టుకుని ఉండిపోయాడు.

"అక్కా, టైర్లు అక్కడే ఉన్నాయేటి?"

అందరూ నావైపు చూశారు. నేను ఏమన్నానో వినండి.

"ముగ్గు వేసేవాళ్లు మాట్లాడకూడదు కదా, నూకరాజూ."

"అవునక్కా. తప్పే. అడక్కూడదు," అని అతను చెంపలేసుకున్నాడు. నాకు క్షమాపణ చెప్పాడు. నాకు.

తర్వాత సత్తిబాబు అన్నయ్యవైపు తిరిగి, "నాకు సోటు కనబడ్డాది బావా. అమ్మోరిమీద ఒట్టు. సోటు సూసే దూరాను," అన్నాడు.

"ముగ్గులో లేదు కదరా."

"లేదు." చేతిలో అగ్గిపెట్టెను పక్కన పెట్టేశాడు. "అక్క ముగ్గు తప్పవదు. అంటే నాకు కనబడ్డాది సోటు కాదు బావా. గెలవాలని కళ్లకి అలగ కనబడిపోనాది. నాను తోసీసాను. తప్పు నాదే."

అతనే ఒప్పుకున్నాక ఇంకెవరు వాదిస్తారు? తీర్పు అయిపోయింది, కోయంబత్తూరుకు తమ్ముడే అని తేలిపోయింది. అతనే లేచి వచ్చి తమ్ముడి కట్టుమీద చెయ్యి వేసి, "తమ్ముడూ, మనసులో ఏటీ ఎట్టుకోకు," అన్నాడు. ముగ్గును ఎప్పుడూ నేనే తుడిచేదాన్ని. ఆ రోజు అతను తుడిచాడు.

ఆ సాయంత్రం తమ్ముడు నా దగ్గరికొచ్చి, "అక్కా, తిప్పేటప్పుడు వాడు నా పక్కనే ఉన్నట్టు లీలగా గుర్తుంది. నేనే మీదికి తిప్పేశానేమో," అన్నాడు. నొప్పిమీద అలాగే అనిపిస్తుంది, మందు వేసుకుని పడుకో అన్నాను. వాడు పడుకున్నాడు. అంతటితో వాడి అనుమానమూ పడుకుంది. కోయంబత్తూరు వెళ్లాక ఒకసారి ఫోనులో వాడే అన్నాడు, "నాకిప్పుడు టైర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయక్కా. వాటిమీదనుంచే వచ్చేశాడు వాడు." వాడు అబద్ధమాడలేదు. నా ముగ్గు వాడి కళ్లలోకి వెళ్లి కూర్చుంది. ఇద్దరు మనుషులు తమ కళ్లతో చూసినదాన్ని తీసేసి, నా వేళ్లతో వేసినదాన్ని పెట్టుకున్నారు. ఇలా జరుగుతుందని నాకు ముందు తెలియదు. తెలిస్తే మానేసేదాన్నా? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు అడిగినా నాలోంచి ఒకే జవాబు రావడం లేదు.

తమ్ముడు కొన్నేళ్లు జట్టులో నడిపాడు. పెద్ద పేరేమీ రాలేదు. ఇప్పుడు ఒక కార్ల కంపెనీలో కొత్త బండ్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. సుఖంగా ఉన్నాడు, దేవుడి దయ. అలా అనుకుంటున్నప్పుడే అనుమానం వస్తుంది. దేవుడి దయలో నా ముగ్గును కూడా కలిపేశానా అని.

నూకరాజు మళ్లీ కార్టు ఎక్కలేదు. ఎవరెంత చెప్పినా ఎక్కలేదు. వాళ్ల బోటుమీద ఇంజను చూసుకుంటాడు. మేడమీదికి మాత్రం మానకుండా వచ్చేవాడు. పంచాయితీలో లోపలివైపు దూరిన ప్రతి డ్రైవరుకూ అతనే అందరికన్నా కఠినమైన శిక్ష అడిగేవాడు. "సోటుందనుకోటమే తప్పు బావా," అనేవాడు. "కళ్లు సెప్పినట్టు ఇనకూడదు." అందరూ అది అతని తెలివి అనుకునేవారు. నేను ముగ్గు వేస్తూ వినేదాన్ని.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మాటతో నిలబెట్టుకున్నాను. నేను నోటితో అబద్ధమాడలేదు. పొద్దున్నే లేచి దీపం పెట్టే నోరు అబద్ధమాడలేదు. చూడండి, దేవుడికి చూపించడానికి ఒక నోటిని శుభ్రంగా దాచుకున్నాను. వేళ్ల సంగతి ఆయన అడగడనుకున్నానా?

ఎందుకు చేశాను? తమ్ముడికోసం అని చాలాకాలం అనుకున్నాను. వాడి కట్టు, అమ్మ మొహం, నాన్న పత్రికలు. అలా అనుకుంటే అది ప్రేమలా కనిపిస్తుంది, మోయడానికి కొంచెం వీలుగా ఉంటుంది. ఈమధ్య ఇంకొకటి తోచింది. టైర్లు జరిగాయని ముగ్గులో చూపిస్తే, వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు, మరి జెండా ఎందుకు ఊపలేదు అని. ఆ ప్రశ్న నామీదికి వస్తుంది. నా గీత దగ్గర తలవంచే మగవాళ్లందరూ తలెత్తి నావైపు చూస్తారు. నేను కాపాడింది తమ్ముణ్ణా, మేడమీద నాకున్న ఆ చిన్న చోటునా? రెండూనా? రెండోదే ఎక్కువేమో. ప్రేమ అని పేరు పెట్టి భయాన్ని పెంచుకున్నానేమో. తెలియదు. తెలుసుకోవాలని మాత్రం నిజంగా ఉంది.

పెద్ద రేసుల నియమాల్లో ఒకటుంది. తీర్పు అయిపోయాక కొత్త సాక్ష్యం దొరికితే, దాన్ని మళ్లీ విచారించమని అడగవచ్చు. కానీ ఆ సాక్ష్యం తీర్పునాటికి అందుబాటులో లేనిదై ఉండాలి. నాన్న చదివి వినిపించినప్పుడు ఇది చాలా న్యాయంగా తోచింది. ఇప్పుడు నా విషయంలో పెట్టి చూసుకుంటే విచిత్రంగా ఉంది. నా సాక్ష్యం ఆ రోజు అక్కడే, ముగ్గు పక్కనే, మఠం వేసుకుని కూర్చుని ఉంది. నియమం ప్రకారం నా కేసు తిరగదోడటానికి పనికిరాదు.

పోయిన నెల మేడమీద మళ్లీ ఒక గొడవ. టీవీ రేసులో ఆఖరి చుట్టులో ఎవరో లోపలికి దూరాడు. వాదన అయ్యాక సత్తిబాబు అన్నయ్య, ఈసారి లేఅవుట్ రేసుకు స్టీవార్డుగా నూకరాజును కూర్చోబెడదామన్నాడు. అందరూ సరే అన్నారు.

"నన్నెట్టకండి బావా," అన్నాడు నూకరాజు నవ్వుతూ. "నా కళ్లకి లేని సోటు కూడా కనబడతాది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఇన్నేళ్ల తర్వాత అది అతనికి జోకైపోయింది. ఆ నవ్వు చూశాక నాకు ఇంకేదీ దాచుకునే వీలు లేకపోయింది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేసి ఊరుకునేదాన్నేమో.

ముందు తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "మరి నాకు కనిపిస్తున్న టైర్లేమిటక్కా?" అని మాత్రం అడిగాడు. అవి నేను వేసినవి అన్నాను. ఫోను పెట్టేశాడు.

తర్వాతి వారం ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. వేలం అయిపోయి జనం పలచబడ్డారు. నూకరాజు బోటు అంచున కూర్చుని ఇంజను గొట్టమేదో తుడుస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి దిగి వచ్చాడు. "ఇక్కడికొచ్చావేటక్కా? ఈ వాసనకి నీకు ఆయాసం రాదా?" అన్నాడు. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే మాట దాటేస్తానని భయం. టైర్లు జరిగాయని, జెండా ఊపలేదని, పొద్దుటి మలుపు వేశానని.

అతను చేతిలో గుడ్డను చాలాసేపు పిండాడు. అందులో నీళ్లేమీ లేవు.

"ఆ పొద్దు బ్రేకు తొక్కాను అక్కా. తొక్కినట్టు కాలికి గుర్తుంది. కాలు అబద్దం సెప్తందని కాలినే తిట్టుకున్నాను."

"తొక్కావు. నేను చూశాను."

"అప్పుడు సోటు లేదన్నావు. నమ్మీసాను. ఇప్పుడు ఉందంటన్నావు." నావైపు చూడకుండా అన్నాడు. "రెండుసార్లూ నీ మాటేనా అక్కా? నన్ను నాను ఎప్పుడు నమ్మాల?"

మేడమీద అందరి ముందూ చెబుతానన్నాను.

"వద్దు. సెప్పకు. సెప్పాలనిపిస్తే నానే సెప్పమంటాను. ముందల నన్ను నాను నమ్మనీ."

పేర్లు లేకుండా ఎక్కడైనా రాసుకోనా అని అడిగాను. "రాసుకో, నీ ఇష్టం," అన్నాడు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే అతను సరే అనేస్తాడు, అతని గుణం అలాంటిది. మళ్లీ ఒకసారి అతని నోటినుంచి నాకు కావలసింది తీసుకున్నట్టవుతుంది. అతను బోటెక్కి, ఇంజనుమీదికి వంగాడు. నేను వచ్చేశాను. బస్సులో ఆయాసం రాలేదు. దానికి దండం పెట్టుకోవాలా వద్దా అని మొదటిసారి ఆలోచించాను.

అప్పటినుంచి రెండు రేసులు అయ్యాయి. అతను మేడమీదికి రాలేదు. ముగ్గు వేయమని పిలిస్తే నేను చెయ్యి నొప్పి అన్నాను. అదీ అబద్ధమే, చూశారా. ఒకటి ఒప్పుకునేలోగా ఇంకొకటి వచ్చి చేరుతోంది. అతను చెప్పమన్న రోజున అది కూడా కలిపి చెబుతాను. చెప్పమనకపోతే, ఈ నాలుగు పేజీలే ఉంటాయి. మీరు ఎవరో నాకు తెలియదు, అతను ఎవరో మీకు తెలియదు. అయినా ఒకరి చెవిన వేయకుండా ఉండలేకపోయాను. ఇది రాస్తుంటే గుండెలో బిగింపు కొంచెం సడలింది. అది నాకు దక్కవలసిందేనా అన్నది వేరే ప్రశ్న.

మా మేడమీద సాక్షి చెప్పేటప్పుడు ఉపోద్ఘాతం లేకుండా చూసింది చూసినట్టు చెప్పాలంటారు. నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆఖరి చుట్టులో, ట్యాంకు మలుపు దగ్గర, టైర్లు మట్టిలో ఉన్నాయి. నూకరాజు బ్రేకు వేశాడు. పక్కవాడికి దారి వదిలాడు. అక్కడ ఇద్దరికీ చోటుంది. నేను చూశాను.